డీజిల్ కారు కొటేషన్ వచ్చింది, ఎక్కడ కోయాలి?

ఖమ్మం కుర్రాడు | 3 డిసెంబర్ 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా చదువుతున్నా, రాయడం ఇదే మొదలు.

2014 స్విఫ్ట్ డీజిల్ ఉంది, లక్షా ఎనభై వేలు తిరిగింది. ఇక మార్చాలి. గ్రానైట్ పని మీద కరీంనగర్, హైదరాబాద్ తిరుగుడు, ఏడాదికి 22 వేల కిలోమీటర్లకు తగ్గదు. నాలుగు మీటర్లలోపు డీజిల్ బండి ఒకటి ఖాయం చేసుకున్నా. ఏ కంపెనీ, ఏ షోరూమ్ అని అడక్కండి. సేల్స్ అబ్బాయి మంచోడే, వాడి ఉద్యోగం మీదకు తేవడం ఇష్టం లేదు.

ఇచ్చిన కొటేషన్ ఇదీ:

ఎక్స్ షోరూమ్: 9,85,000
లైఫ్ టాక్స్: 1,57,600
టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్), రిజిస్ట్రేషన్, కార్డు: 4,500
ఇన్సూరెన్స్: 58,400
లాజిస్టిక్స్, హ్యాండ్లింగ్: 9,500
యాక్సెసరీస్ కిట్: 24,900
ఎక్స్‌టెండెడ్ వారంటీ: 19,600
ఫాస్టాగ్: 600
మొత్తం: 12,60,100
డిస్కౌంట్: 25,000
కట్టాల్సింది: 12,35,100

పాత స్విఫ్ట్‌కి 2,10,000, పైన ఎక్స్ఛేంజ్ బోనస్ 20,000 అంటున్నారు.

"జీఎస్‌టీ తగ్గిందే పెద్ద డిస్కౌంట్ సార్, ఇంతకు మించి మా మేనేజర్ ఒప్పుకోడు" అంటున్నాడు. ఇంకో చిక్కు, 20 దాటితే పుష్యమాసం. శూన్యమాసంలో బండి గడప ముందుకు రావద్దని అమ్మ ముందే చెప్పేసింది. అంటే ఉన్నది రెండు వారాలు.

---

డీజిల్ రాజు | 3 డిసెంబర్, రాత్రి 10:15

తమ్ముడూ, బేరం సంగతి తర్వాత. ముందు డీజిలే కావాలా? అదే బండి పెట్రోల్‌లో ఎంత తక్కువ?

---

ఖమ్మం కుర్రాడు | 3 డిసెంబర్, రాత్రి 10:22

లక్షా ఇరవై వేలు తక్కువన్నా.

---

డీజిల్ రాజు | 3 డిసెంబర్, రాత్రి 10:50

అయితే లెక్క వేద్దాం. హైదరాబాద్‌లో పెట్రోల్ 107 పైన, డీజిల్ 95 పైన. ఈ సైజు టర్బో పెట్రోల్ హైవే మీద 13 ఇస్తే గొప్ప, డీజిల్ 18 ఇస్తుంది. కిలోమీటరుకి పెట్రోల్ ఎనిమిది రూపాయల పైచిలుకు, డీజిల్ ఐదు రూపాయల పైచిలుకు. మూడు రూపాయల తేడా. నీ 22 వేల కిలోమీటర్లకి ఏడాదికి 65 వేల దాకా మిగులుతుంది. రెండేళ్ళలో ఆ లక్షా ఇరవై తిరిగొస్తుంది. నీకు డీజిల్ సరే.

ఇది చదువుతున్న మిగతావాళ్ళకి ఒక మాట. పిల్లల్ని బడి దగ్గర దింపి, కూరగాయలు తెచ్చుకోడానికైతే ఈ బీఎస్ 6 (కొత్త పొగ నిబంధనల) డీజిళ్ళ జోలికి పోకండి. పొగలో మసిని పట్టే డీపీఎఫ్ అని ఒక ఫిల్టరుంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడూ హైవే మీద ఏకబిగిన వెళ్ళాలి. మా బావమరిది రోజూ నాలుగు కిలోమీటర్లు ఆఫీసుకి తిప్పాడు. ఆర్నెల్లకి మీటర్లో లైటు వెలిగింది, సర్వీసు సెంటర్లో రెండు రోజులు పెట్టుకున్నారు. బండి తప్పు కాదు, వాడకం తప్పు.

---

పద్దుల పంతులు | 4 డిసెంబర్, ఉదయం 6:30

కొటేషన్ చూశాను. మొదట లైఫ్ టాక్స్ దగ్గర ఆగాను. తెలంగాణలో 5 నుంచి 10 లక్షల బండికి 14 శాతం. 9,85,000 మీద 1,37,900 కావాలి. మీకు వేసింది 1,57,600, అంటే 16 శాతం. స్విఫ్ట్ మీ పేరు మీదే ఉందా? ఉంటే ఇది రెండో బండి కింద లెక్క, అందుకే అదనంగా 2 శాతం. సేల్స్ అబ్బాయి తప్పు వేయలేదు, కాకపోతే దారి చెప్పలేదు.

దారులు రెండు. స్విఫ్ట్ అమ్మేసి, ఆర్‌సీ కొన్నవాళ్ళ పేరుకి మారాక కొత్త బండి రిజిస్టర్ చేయించడం. లేదా ఇంట్లో బండి లేనివాళ్ళ పేరు మీద కొనడం. మీ శ్రీమతి గారి పేరు మీద ఏమైనా ఉందా?

ఇంకోటి. "40 వేలు వేస్తే పై వేరియంట్ వస్తుంది సార్, సన్‌రూఫ్ కూడా" అని తప్పకుండా అంటాడు. ఒప్పుకోకండి. 10 లక్షలు దాటితే టాక్స్ 18 శాతం. 10,25,000 బండికి 1,84,500 కట్టాలి. 40 వేల వేరియంట్ కాస్తా టాక్స్‌తో కలిపి 86,600 అవుతుంది. దానిపైన 1 శాతం టీసీఎస్ (అమ్మేవాడు వసూలు చేసే ఇన్‌కమ్ టాక్స్) కూడా ముందే కట్టించుకుంటారు. అది రిటర్ను వేసినప్పుడు వెనక్కొస్తుంది లెండి, కానీ అప్పటిదాకా మన డబ్బు మన దగ్గర ఉండదు.

---

ఖమ్మం కుర్రాడు | 4 డిసెంబర్, ఉదయం 7:05

పంతులు గారూ దండం. సన్‌రూఫ్ మాట నిన్ననే అన్నాడు!! ఇంటావిడ పేరు మీద ఏ బండీ లేదు. తను గవర్నమెంట్ టీచర్.

---

మాజీ సేల్స్ | 4 డిసెంబర్, మధ్యాహ్నం 1:20

టీచరా? అయితే ఆ మాట షోరూమ్‌లో చెప్పావా? ప్రభుత్వ ఉద్యోగులకి, టీచర్లకి విడిగా బోనస్ చాలా కంపెనీల్లో ఉంటుంది. ఐడీ కార్డు జిరాక్స్ ఇస్తే చాలు. అడగనివాళ్ళకి చెప్పరు. నేను ఆరేళ్ళు అదే పని చేశాను, నేనూ చెప్పేవాణ్ణి కాదు.

లోపల ఏం జరుగుతుందో చెప్తా విను.

"జీఎస్‌టీ తగ్గిందే డిస్కౌంట్" అన్నమాట పట్టించుకోకు. నాలుగు మీటర్లలోపు, 1500 సీసీ లోపు డీజిల్‌కి సెప్టెంబర్ 22 నుంచి పన్ను 31 శాతం నుంచి 18కి దిగింది. అది ప్రభుత్వం తగ్గించింది. నీకు చెప్పిన 9,85,000లో అది కలిసిపోయే ఉంది. షోరూమ్ జేబులోంచి పోయింది రూపాయి కూడా లేదు. పాత స్టాకు మీద కట్టిన సెస్ ఇరుక్కుపోయిందని డీలర్లు మొత్తుకున్నారు, నిజమే పాపం. కానీ అది వాళ్ళూ ప్రభుత్వమూ చూసుకోవాల్సిన లెక్క.

రెండు, యార్డులో నిలబడ్డ ప్రతి బండి మీద డీలరు బ్యాంకుకి వడ్డీ కడుతుంటాడు. రెండు మూడు నెలలుగా ఎండకు ఎండుతున్న బండి అంటే వాడికి పంటినొప్పి. అందుకే "ఏ రంగైనా పర్లేదు, స్టాకులో ఏముంది?" అని అడిగినవాడికి ఎక్కువ తగ్గుతుంది. "నాకు ఆ రంగే కావాలి, అదే వేరియంట్ కావాలి" అన్నాడంటే వాడి ప్రేమ మాకు అర్థమయ్యేది. ప్రేమించినోడికి డిస్కౌంట్ ఏంటి?

మూడు, మీ అమ్మగారి పుష్యమాసం నీకు అడ్డం కాదు, ఆయుధం. మామూలుగా నెలాఖరు వారంలో టార్గెట్ కోసం తగ్గిస్తారు. ఈ డిసెంబర్లో 20 తర్వాత మన జనం డెలివరీ తీసుకోరని ప్రతి మేనేజరుకీ తెలుసు. కాబట్టి ఈసారి వాళ్ళ నెలాఖరు 20వ తేదీకే వచ్చేసింది. 15 నుంచి 17 మధ్య వెళ్ళి కూర్చో. ఆషాఢానికి ముందు కూడా ఇదే కథ.

---

ఎల్‌బీ నగర్ లక్ష్మి | 4 డిసెంబర్, మధ్యాహ్నం 2:45

హ్యాండ్లింగ్ 9,500 తీసేయమను. బండి షోరూమ్ దాకా తెచ్చే ఖర్చు ఎక్స్ షోరూమ్ ధరలోనే ఉంటుంది. నేను కొన్నప్పుడు "ఇది దేనికి బాబూ, రసీదు మీద విడిగా రాసిస్తావా?" అని ఒక్క ముక్క అడిగాను. రాసివ్వలేదు, తీసేశాడు.

యాక్సెసరీస్ కిట్ చూసి నవ్వొచ్చింది. మ్యాట్లు, మడ్ ఫ్లాప్‌లు, సీటు కవర్లు, బాడీ కవరు, ఒక వినాయకుడి బొమ్మ. బయట ఇందులో సగానికి వస్తాయి. టెఫ్లాన్ కోటింగ్, అండర్‌బాడీ కోటింగ్ అని మొదలెడితే లేచి నీళ్ళు తాగడానికి వెళ్ళు.

ఎక్స్‌టెండెడ్ వారంటీ మాత్రం ఉంచుకో. ఈ కాలపు డీజిళ్ళలో టర్బో, ఇంజెక్టర్లు, ఆ ఫిల్టరు, ఏది పోయినా వేలల్లో కాదు. కంపెనీదే అయ్యుండాలి, షోరూమ్ వాళ్ళు సొంతంగా అంటగట్టేది కాదు.

---

తెనాలి పెద్దాయన | 4 డిసెంబర్, సాయంత్రం 5:10

ఇవన్నీ ఎందుకు నాయనా. మొత్తం నగదు బల్ల మీద పెట్టు, లక్ష దిగుతాడు. మా రోజుల్లో అంబాసిడర్ అలాగే కొన్నాం.

---

మాజీ సేల్స్ | 4 డిసెంబర్, సాయంత్రం 5:40

బాబాయ్ గారూ, ఇప్పుడు 2 లక్షలు, ఆపైన నగదు తీసుకుంటే ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళు తీసుకున్నవాడి మీద అంతే జరిమానా వేస్తారు. నగదు చూస్తే మేనేజరు భయపడతాడు, సంబరపడడు.

పైగా లోను లేకుండా కొనేవాడంటే షోరూమ్‌కి లాభం తక్కువ. లోను ఇప్పిస్తే బ్యాంకు నుంచి వాళ్ళకి కమిషన్ వస్తుంది. ఇన్సూరెన్స్ మీదా అంతే. అందుకే ధర తేలేదాకా "లోను మీ దగ్గరే చూద్దాం లెండి" అని ఆశ పెట్టడం తప్పు కాదు. తేలాక రేట్లు పోల్చుకుని ఎక్కడ తక్కువైతే అక్కడ.

---

పద్దుల పంతులు | 4 డిసెంబర్, రాత్రి 8:00

లోను మాట వచ్చింది కనుక. "నెలకి ఎంత కట్టగలరు సార్?" అనే ప్రశ్నకి జవాబు చెప్పకండి. 8 లక్షలు, 9 శాతం వడ్డీ అనుకుందాం. ఐదేళ్ళకి నెలకి 16,607. ఏడేళ్ళు చేస్తే 12,871, వినడానికి హాయిగా ఉంటుంది. కానీ మొత్తం వడ్డీ 1,96,000 నుంచి 2,81,000 దాటిపోతుంది. 85 వేలు. మీరు పదిహేను రోజులు కొట్లాడి తగ్గించుకునేది ఆ ఒక్క మాటతో వెనక్కి పోతుంది. లోనులో కలిపి ఒక జీవిత బీమా పాలసీ కూడా తోస్తారు, శాంక్షన్ లెటర్ పూర్తిగా చదవండి.

ఇన్సూరెన్స్ 58,400 ఎక్కువ. కొత్త కారుకి మూడేళ్ళ థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ళ నష్టానికి బీమా) ఒక్కసారే కట్టాలి. 1000 నుంచి 1500 సీసీ బండికి అది 10,640, జీఎస్‌టీ అదనం. ఎవరి దగ్గర కొన్నా అంతే. తేడా అంతా ఓన్ డ్యామేజీలో (మన బండి నష్టానికి బీమా), జీరో డెప్ (తరుగు కోయకుండా క్లెయిమ్ ఇచ్చేది) లాంటి యాడ్ ఆన్‌లలో. బయట పాలసీ కొనడం మీ హక్కు, షోరూమ్ కాదనకూడదు. అయితే పోల్చేటప్పుడు ఐడీవీ (బీమాలో బండికి కట్టే విలువ), యాడ్ ఆన్‌లు రెండు చోట్లా ఒకటే ఉండేలా చూసుకోండి. ఐడీవీ తగ్గించి చవక అని చూపించేవాళ్ళుంటారు.

ఒక మెలిక. స్విఫ్ట్ మీద ఇన్నేళ్ళు క్లెయిమ్ లేకపోతే మీకు 50 శాతం నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ, ఓన్ డ్యామేజీ ప్రీమియంలో తగ్గింపు) ఉండాలి. బండి అమ్మినా అది మనిషితోనే ఉంటుంది, కొత్త బండికి వాడుకోవచ్చు. కానీ మీ శ్రీమతి పేరు మీద కొంటే మీ బోనస్ ఆవిడకి రాదు. టాక్స్‌లో మిగిలే 19,700, టీచర్ బోనస్ ఒకవైపు, ఈ ఎన్‌సీబీ ఒకవైపు పెట్టి తూచుకోండి. నా లెక్కలో ఆవిడ పేరే మొగ్గుతుంది. స్విఫ్ట్ అమ్మినప్పుడు ఎన్‌సీబీ లెటర్ తీసి పెట్టుకోండి, మూడేళ్ళు పనికొస్తుంది.

---

బెజవాడ బాబ్జీ | 5 డిసెంబర్, ఉదయం 9:30

మా ఊళ్ళో కొనెయ్ బ్రదర్, ఖమ్మం నుంచి రెండున్నర గంటలు. 😀

---

డీజిల్ రాజు | 5 డిసెంబర్, ఉదయం 9:55

వద్దు. ఆంధ్రాలో టీఆర్ వేయించి తెలంగాణలో పర్మినెంట్ చేయించుకోవడం కుదురుతుంది గానీ, తిరుగుళ్ళు ఎవరు పడతారు? అక్కడి కొటేషన్ మాత్రం తెచ్చుకో, చూపించడానికి పనికొస్తుంది. హైదరాబాద్‌లో అదే కంపెనీ డీలర్లు ముగ్గురు నలుగురు ఉంటారు. అందరికీ ఒకే మెసేజ్ పెట్టు: ఫలానా వేరియంట్, ఇన్సూరెన్స్ లేకుండా, కిట్ లేకుండా, ఖమ్మం రిజిస్ట్రేషన్‌తో తాళం చేతికి వచ్చేసరికి మొత్తం ఎంత? ఒక్క అంకె చెప్పమను. డిస్కౌంట్ ఎంత అని అడగొద్దు. డిస్కౌంట్ అడిగితే ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో కిట్‌లో లాగుతారు.

---

ఖమ్మం కుర్రాడు | 9 డిసెంబర్, రాత్రి 9:15

అప్‌డేట్. హైదరాబాద్‌లో ముగ్గురిని అడిగా. ఒకతను జవాబే ఇవ్వలేదు. ఒకతను "షోరూమ్‌కి రండి సార్, మాట్లాడుకుందాం" తప్ప ఇంకో మాట లేదు. మూడో అతను తిన్నగా చెప్పాడు: డిస్కౌంట్ 38,000, టీచర్ ఐడీ ఉంటే ఇంకో 8,000, హ్యాండ్లింగ్ లేదు. వాట్సాప్‌లో రాసి పంపాడు.

స్విఫ్ట్ సంగతి. షోరూమ్ వాళ్ళు 2,10,000, బోనస్‌తో 2,30,000 అన్నారు కదా. మా క్వారీ మేనేజర్ తమ్ముడు 2,65,000కి అడుగుతున్నాడు. మనవాడే. ఇచ్చేయనా?

---

ఎల్‌బీ నగర్ లక్ష్మి | 9 డిసెంబర్, రాత్రి 9:40

ఇచ్చేయ్. కానీ "మనవాడే" అని పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి వదిలేయకు. ఆర్‌సీ పేరు మారేదాకా ఎక్కడ గుద్దినా, ఏ చలానా పడినా నీ పేరే. డబ్బులో ఒక 10 వేలు ఆపు, పేరు మారాక తీసుకో.

---

మాజీ సేల్స్ | 9 డిసెంబర్, రాత్రి 10:30

ఆ వాట్సాప్ కొటేషన్‌తో ఖమ్మం షోరూమ్‌కే వెళ్ళు. రేపు సర్వీసుకి వెళ్ళేది అక్కడికే కదా. సేల్స్ అబ్బాయితో వాదించకు, వాడి చేతిలో 10 వేలకు మించి ఉండదు. మర్యాదగా "తమ్ముడూ, మేనేజర్ గారిని ఒకసారి కలుస్తా" అను. ఒక అంకె చెప్పు, చెప్పి ఊరుకో. మౌనం అక్కడ ఎవరూ భరించలేరు, ఏసీ చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. కుదరకపోతే లేచి దండం పెట్టి వచ్చెయ్. సాయంత్రానికి ఫోను రాకపోతే నన్నడుగు.

డబ్బు మొత్తం కట్టే ముందు బండి చూడు, రిజిస్ట్రేషన్‌కి ముందే. తర్వాత చూసి లాభం లేదు. సేల్ సర్టిఫికెట్, అంటే ఫారం 21లో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, 3725 అంటే 2025లో 37వ వారం. అయిదు టైర్లూ చూడు, స్టెప్నీతో సహా. పెయింట్ పగటి వెలుతురులో చూడాలి, షోరూమ్ లైట్ల కింద అన్ని బండ్లూ పెళ్ళికూతుళ్ళే.

---

డాలస్ దాసు | 10 డిసెంబర్, ఉదయం 6:10

ఇక్కడా ఇదే గొడవ అన్నయ్యా. గంటసేపు మాట్లాడి, "మా మేనేజరుని అడిగొస్తా" అని లోపలికెళ్ళి కాఫీ తాగొస్తాడు. మేనేజరు అన్ని దేశాల్లోనూ లోపలి గదిలోనే ఉంటాడనుకుంటా.

---

ఖమ్మం కుర్రాడు | 16 డిసెంబర్, రాత్రి 8:50

అయిపోయింది!

మధ్యాహ్నం 12కి వెళ్ళా. మేనేజర్ గారు టీ ఇప్పించారు. హైదరాబాద్ మెసేజ్ చూపించా. "వాళ్ళు రాసిస్తారండీ, బండి ఇవ్వరు" అన్నారు. నేను 11,40,000 అన్నా. కాలిక్యులేటర్ తీశారు, పెట్టారు, మళ్ళీ తీశారు. కుదరదన్నారు. లేచి వచ్చేశా. నిజం చెప్తున్నా, గేటు దాటేటప్పుడు కాళ్ళు వణికాయి. ఇంటావిడకి ఆ రంగు తెగ నచ్చింది మరి.

4:35కి ఫోన్. యార్డులో తెల్ల బండి ఉందట, అక్టోబర్ తయారీ. అది తీసుకుంటే చేస్తామన్నారు. ఇంటావిడకి నచ్చింది నీలం. అరగంట మంతనాలయ్యాక తెలుపుకి ఒప్పుకుంది.

చివరి లెక్క:
ఎక్స్ షోరూమ్: 9,85,000
లైఫ్ టాక్స్ (తన పేరు మీద, 14 శాతం): 1,37,900
టీఆర్, రిజిస్ట్రేషన్: 4,500
ఇన్సూరెన్స్ (బయట, జీరో డెప్‌తో): 41,800
వారంటీ: 19,600
ఫాస్టాగ్: 600
డిస్కౌంట్, టీచర్ బోనస్ కలిపి: 48,000
మొత్తం: 11,41,400

మొదటి కొటేషన్‌కి 93,700 తక్కువ. బయట ఇన్సూరెన్స్ అనగానే "క్లెయిమ్ అప్పుడు ఇబ్బంది పడతారు సార్" అని ఒకసారి భయపెట్టారు. క్యాష్‌లెస్ గ్యారేజీల లిస్టులో వాళ్ళ వర్క్‌షాపు పేరే చూపించా. లోను మా బ్యాంకులో, ఐదేళ్ళకి.

---

పద్దుల పంతులు | 16 డిసెంబర్, రాత్రి 9:20

కూడిక సరిపోయింది. డెలివరీ ఎప్పుడు?

---

ఖమ్మం కుర్రాడు | 18 డిసెంబర్, రాత్రి 7:30

ఈ రోజే. మార్గశిర లక్ష్మీవారం అని అమ్మ ముహూర్తం తనే పెట్టేసింది. గుడి ముందు గుమ్మడికాయ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. టైర్లు అయిదూ చూశా, 3525, 3625. మీటర్లో 31 కిలోమీటర్లు. సేల్స్ అబ్బాయి మ్యాట్లు తనే ఉచితంగా వేయించాడు, ఫీడ్‌బ్యాక్ ఫోన్ వస్తే పదికి పది చెప్పమన్నాడు. చెప్తా.

స్విఫ్ట్ నిన్ననే పోయింది. 2,55,000 చేతికి, ఆర్‌సీ మారాక 10 వేలు, లక్ష్మక్క చెప్పినట్టే.

---

ఎల్‌బీ నగర్ లక్ష్మి | 18 డిసెంబర్, రాత్రి 7:55

శుభం. బండి టీచర్ గారి పేరు మీద ఉందిగా, తాళాలు ఎవరి దగ్గరున్నాయి?

---

ఖమ్మం కుర్రాడు | 18 డిసెంబర్, రాత్రి 8:02

రెండూ తన దగ్గరే అక్కా. రేపు స్కూలుకి వేసుకెళ్తుందట, స్టాఫ్ అందరికీ చూపించాలట. నేను కరీంనగర్ బస్సు టికెట్ బుక్ చేసుకుంటున్నా.

---

డీజిల్ రాజు | 18 డిసెంబర్, రాత్రి 8:05

స్కూలు ఎంత దూరం?

---

ఖమ్మం కుర్రాడు | 18 డిసెంబర్, రాత్రి 8:06

నాలుగు కిలోమీటర్లు.